నైటింగేల్ గ్రంథము - నేటి గృహపరిశుభ్రత

ఫ్లారెన్స్ నైటింగేల్ పేరు వినని విద్యార్థి యుండడు. క్రిమియా యుద్ధకాలమున స్కుటారి వైద్యశాలలో దీపము చేతబట్టి, రాత్రివేళ రోగుల మంచముల నడుమ తిరిగిన పరిచారికగా ఆమె పాఠ్యపుస్తకములలో కనబడును. ఆమె వ్రాసిన 'నోట్స్ ఆన్ నర్సింగ్' అను చిన్న పుస్తకమును చదివినవారు మాత్రము మిక్కిలి తక్కువ. 1859లో వ్రాసిన ఈ పుస్తకమును నర్సులకు పాఠ్యగ్రంథముగా ఆమె ఉద్దేశింపలేదు. ప్రతి యింటను ఎవరో యొక స్త్రీకి, ఎన్నడో యొకప్పుడు, బిడ్డకో తల్లికో భర్తకో పరిచర్య చేయవలసిన అవసరము వచ్చును. అట్టివారు ఆలోచించుకొనుటకు కొన్ని సూచనలు మాత్రమే యిచ్చుచున్నానని పీఠికలోనే చెప్పినది. కనుక ఇది ఇంటి పుస్తకము. ఇంటిలో అంటువ్యాధి ప్రవేశించినప్పుడు ఏమి చేయవలెనను ప్రశ్నకు ఇది నేటికి ఎంతవరకు నిలుచునో పరీక్షించుట అవసరము.

ఈ పరీక్షలో ఒక చిక్కు కలదు. ఈ పుస్తకము వ్రాయునాటికి వైరసు అనునది యొకటి యున్నదని ఎవరును ఎరుగరు. పొగాకు మొక్కల తెగులును కలిగించు పదార్థము, బాక్టీరియాను సైతము ఆపివేయు పింగాణి వడపోతగుండా జారిపోవుచున్నదని రష్యాలో ఇవనోవ్‌స్కీ కనుగొన్నది 1892లో. అది యొక క్రొత్త జాతి రోగకారకమని హాలండులో బైయరింక్ వాదించినది 1898లో. మనుష్యులకు వచ్చు ఇన్‌ఫ్లుయెంజా వైరసు శాస్త్రజ్ఞుల చేతికి చిక్కినది 1933లో. ఇవి యేవియు తెలియని రచయిత్రి చెప్పిన మాటలకు నేటి శాస్త్రము ముందు విలువ యేమి? ఆమెను పూజించువారు ఈ ప్రశ్న వేయరు. ఆమె కాలము చెల్లినదనువారు పుస్తకము తెరువరు.

పుస్తకములోని పదమూడు అధ్యాయముల వరుసను చూచిన చాలును, ఆలోచన మొదలగును. మొదటి అధ్యాయము గాలి గురించి. రెండవది ఇంటి యారోగ్యము గురించి. ఒంటి శుభ్రత పదునొకండవ అధ్యాయము. అందులో, నర్సు పగటివేళ పలుమారులు చేతులు కడుగుకొనవలెనను సలహా ఒక్క వాక్యముతో ముగిసిపోవును. నేడు పాఠశాలల గోడలమీద కనబడు ఆరోగ్యసూత్రముల పటములలో వరుస సాధారణముగా ఇందుకు తలక్రిందులు. చేతులు కడుగుట మొట్టమొదట. కిటికీ తెరచుట చిట్టచివర, లేదా అసలే యుండదు. ఈ రెండు వరుసలలో ఏది సరియైనది? ఇది పండితుల వినోదమునకు వేసిన ప్రశ్న కాదు. 2020, 2021 సంవత్సరములలో లక్షలాది కుటుంబములు ఏదో యొక వరుసను నమ్మి నడిచినవి.

నైటింగేల్ నమ్మకము ఇది: మురుగునుండియు, క్రుళ్ళినవానినుండియు, కిక్కిరిసిన గదులలో ఊపిరినుండియు చెడుగాలి పుట్టును, ఆ చెడుగాలియే రోగము. ఆనాటి వైద్యులలో పలువురి మతము ఇదే. మశూచి, తట్టు, కోరింత దగ్గు మున్నగునవి కుక్కలు పిల్లులవలె వేరువేరు జాతులనియు, ఒకదానినుండి ఒకటి వచ్చుననియు చెప్పువారిని ఆమె పరిహసించినది. గాలి లేని గదిలో, ఎవరినుండియు అంటుకొనుటకు వీలులేని చోట, మశూచి తనంత తాను పుట్టుటను తన కన్నులతో చూచితినని కూడ వ్రాసినది. ఇది శుద్ధ పొరపాటు. మశూచి వైరసు మరియొక మశూచి రోగినుండి తప్ప పుట్టదు. ఆ వ్యాధి ప్రపంచమునుండి తొలగిపోయినదని 1980లో ప్రకటించుటకు కారణము టీకా. రోగిని వెదకి పట్టుకొని చుట్టుప్రక్కల వారికందరికిని టీకా వేయుట. కిటికీలు తెరచినందువలన మశూచి పోలేదు.

ఇంత పెద్ద పొరపాటుపై కట్టిన పుస్తకమున మొదటి అధ్యాయము మాత్రము నేటికిని చెక్కుచెదరకుండ నిలుచుట వింతగా తోచును. రోగి పీల్చు గాలి బయటి గాలియంత నిర్మలముగా నుండవలెను, అట్లని రోగికి చలి తగులరాదు. ఇదియే నర్సు మొదటి కర్తవ్యమని ఆమె నిర్ణయము. తరువాతి పుటలన్నియు ఈ రెండింటిని ఎట్లు పొసగించవలెనో వివరించును. గాలి బయటినుండి రావలెను. నడవనుండియో వంటగదినుండియో వచ్చినది గాలి కాదు, ఇంటిలో తిరిగిన ఊపిరియే. పడకలో కప్పుకొని పడుకొన్న రోగికి తెరచిన కిటికీవలన జలుబు చేయదు. రాత్రిగాలి చెడ్డదను భయమును ఆమె తీవ్రముగా ఖండించెను. రాత్రివేళ పీల్చుటకు రాత్రిగాలి తప్ప మరియేమి యున్నదని ఆమె ప్రశ్న. ఈ భయము ఆంగ్లేయులకు మాత్రమే పరిమితము కాదు. తెలుగు ఇండ్లలో జ్వరము వచ్చిన పిల్లవానికి చలిగాలి సోకునని కిటికీలు బిగించి, తలుపు సందులలో గుడ్డలు కుక్కి, తల్లియు అవ్వయు అదే గదిలో పండుకొనుట నేటికిని వాడుకలోనిదే. ఆ యింటివారు నైటింగేల్ అధ్యాయమును తమకొరకే వ్రాసినట్లు చదువుకొనవచ్చును.

అదే అధ్యాయమున ఒక సులభమైన పరీక్ష కలదు. తెల్లవారుజామున పడకగదినుండి బయటికి వెళ్ళి, స్వచ్ఛమైన గాలి పీల్చి, మరల గదిలోనికి రావలెను. అప్పుడు ముక్కుకు ఉక్కపోత వాసన తగిలినచో ఆ గదిలో రాత్రియంతయు ఒకరి ఊపిరి నొకరు పీల్చినట్లే. గాలిని కొలచు పరికరము సులభముగా దొరకిన ప్రతి పడకగదిలోను అమూల్యముగా నుండునని కూడ ఆమె కోరినది. ఆ కోరిక ఇప్పుడు తీరినది. మనిషి విడుచు ఊపిరిలోని కార్బన్ డై ఆక్సైడును కొలచు చిన్న యంత్రములు అంగళ్ళలో లభించుచున్నవి. బయటి గాలిలో పది లక్షల భాగములకు సుమారు 420 నుండి 430 భాగములుండును. తలుపులు మూసిన తరగతిగదిలో అది వేలకు ఎక్కును. ఆ వాయువే రోగమని కాదు. ఆ సంఖ్య పెరిగినకొలది ఇతరుల ఊపిరి అంత ఎక్కువగా పీల్చుచున్నారని అర్థము.

ఊపిరిలో నేమి యుండును? మాటాడినప్పుడు, పాడినప్పుడు, దగ్గినప్పుడు పెద్ద తుంపరలు వెలువడి ఒకటి రెండు గజములలో నేలబడును. వానితోపాటు కంటికి కానరాని సన్నని తుంపరలు లెక్కకు మిక్కిలిగా వెలువడి, అగరువత్తి పొగవలె గదియంతయు వ్యాపించి చాలసేపు తేలుచుండును. రోగి ఊపిరితిత్తులలో వైరసు ఉన్నచో ఈ సన్నని తుంపరలలోను ఉండును. 2020 మార్చి 10వ తేదీన అమెరికాలోని స్కాజిట్ లోయలో ఒక గాయకబృందము మూసిన హాలులో రెండున్నర గంటలు పాట సాధన చేసినది. వచ్చినవారు 61 మంది. వారిలో ఒకరికి జలుబు లక్షణములుండెను. తరువాత 53 మంది కోవిడ్ రోగులుగా లెక్కకు వచ్చిరి. వారిలో కొందరిని పరీక్షతో, మిగిలినవారిని లక్షణములను బట్టి గుర్తించిరి. ఇద్దరు మరణించిరి. అదే సంవత్సరము జనవరిలో చైనాలోని గ్వాంగ్‌జౌ నగరమున ఒక భోజనశాలలో మూడు బల్లల దగ్గర కూర్చున్న మూడు కుటుంబములలో పదిమందికి వ్యాధి సోకెను. ఆ బల్లలమీద ఒకే శీతలయంత్రపు గాలి తిరుగుచుండెను. బయటి గాలి మనిషికి సెకనుకు సుమారు ఒక లీటరు మాత్రమే అందెను. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2021లో సూచించిన కొలత సెకనుకు పది లీటర్లు.

ఇట్టి సంఘటనలు వెలువడుచున్న కాలముననే, వైరసు గాలిలో తేలదని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020 మార్చి 28వ తేదీన ప్రకటించినది. గాలిద్వారా సోకునని స్పష్టముగా చెప్పుటకు దానికి 2021 వచ్చినది. ఈ మధ్యకాలమున ఇండ్లలో ఏమి జరిగినదో అందరికిని జ్ఞాపకమున్నదే. కూరగాయలను సబ్బునీట కడిగిరి. పాలపొట్లములను తుడిచిరి. దినపత్రికను ఎండలో పెట్టి సాయంకాలము చదివిరి. వైరసు ప్లాస్టిక్కుపైన మూడు దినములు బ్రతికియుండునని 2020 మార్చిలో వెలువడిన ప్రయోగఫలితము ఈ భయమునకు ఆధారమైనది. ప్రయోగశాలలో చాల ఎక్కువ వైరసును వేసి పరీక్షించినప్పటి మాట అది. వస్తువును ముట్టుకొని వ్యాధి తెచ్చుకొను అవకాశము సాధారణముగా ప్రతి స్పర్శకు పదివేలలో ఒక వంతుకంటె తక్కువయని అమెరికా వ్యాధినియంత్రణ కేంద్రము 2021 ఏప్రిలులో లెక్కగట్టెను. పాలపొట్లమును మూడుసార్లు తుడిచిన యింటిలోనే, దగ్గుచున్న బంధువును మూసిన గదిలో కూర్చుండబెట్టి కాఫీ యిచ్చుట జరిగినది. తప్పు ఆ గృహిణిది కాదు. ఆమెకు పాఠము ఆ వరుసలోనే చెప్పబడినది.

ఈ విషయమున నైటింగేల్ పుస్తకము ఆనాడు చేతనున్నవారికి మేలు జరిగియుండెడిది. ఆమె సిద్ధాంతము తప్పు; ఆమె పరిశీలన మాత్రము నిజము. కిక్కిరిసిన మూసిన గదులలో రోగము వ్యాపించుటయు, 1855లో స్కుటారిలో మురుగుకాలువలు బాగుచేసి గాలివచ్చు మార్గములు కల్పించిన తరువాత మరణములు తగ్గుటయు ఆమె చూచినది. పెరూ దేశపు లీమా నగరమున వైద్యశాలలను పరీక్షించి 2007లో ప్రకటించిన ఒక పరిశోధన ఈ సందర్భమున చెప్పదగినది. కిటికీలు తలుపులు తెరచిన గదులలో గాలి గంటకు సుమారు 28 మార్లు మారెను. ప్రత్యేక యంత్రములు అమర్చిన గదులలో 12 మార్లు మాత్రమే. ఎత్తైన కప్పులు, పెద్ద కిటికీలు గల పాత కట్టడములు క్రొత్తవానికంటె మెరుగుగా నుండెను. ఆ పరిశోధన క్షయవ్యాధికి సంబంధించినది, క్షయ వైరసు వ్యాధి కాదు. కాని గాలిలో తేలు తుంపరకు అందులో ఏ జీవి యున్నదను భేదము లేదు. కిటికీగుండా అన్నియు ఒకేరీతి బయటికి పోవును. ఎదురెదురుగా రెండు తెరపులుండుట ముఖ్యము. ఒక్క కిటికీ తెరచి ఫాను వేసినచో గాలి గదిలోనే గుండ్రముగా తిరుగును. అగరువత్తి వెలిగించి పొగ ఎటు పోవుచున్నదో చూచిన పిల్లలకు సైతము తెలియును.

క్రిమిసంహారక ద్రవ్యములపై ఆమె యభిప్రాయము మరింత రుచిగా నున్నది. దుర్వాసనను మాయము చేసిన చాలదు, దుర్వాసనకు కారణమైనదానిని తొలగించవలెనని ఆమె వాదము. ధూపములు వేయుట మిక్కిలి ప్రయోజనకరము, ఆ కంపు భరింపలేక జనులు కిటికీలు తెరతురు అని ఒక వైద్యోపన్యాసకుడు చెప్పిన చమత్కారమును ఆమె ఆనందముతో ఎత్తి చెప్పినది. ఫినైలు వాసన వచ్చినగాని నేల శుభ్రమైనట్లు తోచని నేటి యిండ్లకు ఈ చమత్కారము తగినదే. 2020లో వీధులలో రసాయనములు చిమ్ముట అనేక పట్టణములలో జరిగినది; దానివలన ప్రయోజనము లేదని, మనుష్యులపై చిమ్ముట హానికరమని ప్రపంచ ఆరోగ్యసంస్థ ఆ యేడు మే నెలలో హెచ్చరించెను. పొడిగుడ్డతో దుమ్ము దులుపుట దుమ్మును ఒకచోటినుండి మరియొకచోటికి పంపుటయే, తడిగుడ్డతో తుడువవలెననియు నైటింగేల్ వ్రాసినది. అది నిజమే, వైరసుకు మాత్రము దానివలన కలుగు నష్టము స్వల్పము.

ఇక పుస్తకము కూలిపోవు చోట్లు. మొదటిది తట్టు. పిల్లలకు పండ్లు మొలచినట్లే తట్టు కూడ రాక తప్పదను లోకుల నమ్మకమును ఆమె రెండవ అధ్యాయమున నిలదీసినది. బిడ్డకు తట్టు ఎందుకు రావలెను? ప్రశ్న మిక్కిలి గొప్పది. ఆనాడు ఆ ప్రశ్న వేసినవారు అరుదు. తెలుగునాట తట్టును అమ్మవారు పోసినదని చెప్పుకొని ఊరకుండిన తరములకు కూడ అది తగిన ప్రశ్నయే. కాని ఆమె చెప్పిన జవాబు సున్నము, గాలి, శుభ్రత. ఈ జవాబు చాలదు. తట్టు వైరసు రోగి వెళ్ళిపోయిన తరువాతను గదిగాలిలో రెండు గంటలవరకు ఉండగలదు. రోగనిరోధశక్తి లేనివారు రోగికి దగ్గరగా మెలగినచో పదిమందిలో తొమ్మిదిమందికి సోకును. ఒకే గదిలో పండుకొను అన్నదమ్ములను ఏ కిటికీయు కాపాడజాలదు. 1954లో ఎండర్స్, పీబుల్స్ ఈ వైరసును వేరుచేసిరి. 1963లో టీకా వచ్చెను. భారతదేశమున 1985 నుండి సార్వజనిక టీకా కార్యక్రమములో చేరెను. ఆమె ప్రశ్నకు సరియైన జవాబు ఇది. పరిశుభ్రతను గూర్చి చెప్పు పాఠము టీకా మాట యెత్తకుండ ముగిసినచో, ఆ పాఠము 1859లోనే ఆగిపోయినట్లు.

రెండవది చేతులు. ఇక్కడ నైటింగేల్ వరుస అపాయకరము. మలముతో వెలువడి నోటిద్వారా ప్రవేశించు వైరసులు ఒక పెద్ద కుటుంబము: రోటా, నోరో, పోలియో, కామెర్లు కలిగించు హెపటైటిస్ ఏ, ఈ. వీనికి గాలి మార్పిడితో చాలవరకు పని లేదు. వీని దారి వ్రేళ్ళు, నీరు, ఆహారము. 1955 డిసెంబరునుండి 1956 జనవరివరకు ఢిల్లీ నగరమున జరిగిన సంగతి మరువరానిది. యమునానది ప్రవాహము మారి, నజఫ్‌గఢ్ కాలువ మురుగు త్రాగునీటిని తోడు చోటికి చేరెను. నీటిశాలవారు పసిగట్టి పటికయు క్లోరినును ఎక్కువ వేసిరి. టైఫాయిడ్ పెరుగలేదు, విరేచనములు పెరుగలేదు, బాక్టీరియా చచ్చినవి. కొన్ని వారములకు నగరమున సుమారు 29,300 మందికి కామెర్లు వచ్చినవి. ఆ వైరసు 1983లోగాని గుర్తింపబడలేదు. నేడు దానిని హెపటైటిస్ ఈ అని పిలుచుచున్నారు. కంటికి తేటగాను, ముక్కుకు వాసనలేకయు నున్న నీరు వైరసుకు ఆటంకము కాదని తెలియుటకు ఇంతకంటె గట్టి నిదర్శన మక్కరలేదు. నైటింగేల్ పుస్తకమున శుభ్రతకు న్యాయాధిపతులు కన్నును ముక్కును. ఆ న్యాయాధిపతులు ఢిల్లీలో మోసపోయి యుందురు.

చేతుల విషయమున గట్టి ప్రమాణము పాకిస్తానులోని కరాచీ నగరపు మురికివాడలనుండి వచ్చినది. అక్కడ కొన్ని కుటుంబములకు ఏడాదిపొడవున ఉచితముగా సబ్బు ఇచ్చి, వారమువారము ఇంటికి వెళ్ళి చేతులు కడుగు విధము బోధించిరి. 2005లో వెలువడిన ఫలితముల ప్రకారము, ఆ యిండ్లలో ఐదేండ్ల లోపు పిల్లలకు న్యుమోనియా 50 శాతము తగ్గెను. పదునైదేండ్ల లోపు పిల్లలకు విరేచనములు 53 శాతము తగ్గెను. శ్వాసవ్యాధులు కూడ తగ్గుట గమనింపదగినది. ముక్కు చీదిన చేతితో బిడ్డ నెత్తుకొనుట ఒక దారియే కనుక గాలిపక్షమువారు చేతులను చిన్నచూపు చూడరాదు. మరియొక సంగతి. కొన్ని కుటుంబములకు మామూలు సబ్బును, కొన్నింటికి బాక్టీరియాను చంపు మందు కలిపిన ఖరీదైన సబ్బును ఇచ్చిరి. ఫలితములో భేదము కనబడలేదు. ప్రకటనలు చూచి ఎక్కువ వెల పెట్టువారు ఈ సంగతి తెలిసికొనవలెను.

సబ్బు పనిచేయు తీరు రెండు విధములు. కోవిడ్, ఇన్‌ఫ్లుయెంజా వంటి వైరసులకు పైన క్రొవ్వు పొర యుండును. జిడ్డును విడదీసినట్లే సబ్బు ఆ పొరను చీల్చును. రోటా, నోరో, హెపటైటిస్ ఏ వంటివానికి ఈ పొర లేదు. వానిని సబ్బు చంపుట తక్కువ. చర్మమునుండి వదలించి నీటితో కొట్టుకొని పోవునట్లు చేయును. అందుచేత రుద్దుటయు, ఇరువది సెకనులసేపు ఓపిక పట్టుటయు, పారునీటితో కడుగుటయు ముఖ్యము. చెంబులో చేతులు ముంచి తీసినచో ఆ నీరు తరువాతివారి పాలగును. ఆల్కహాలు శానిటైజరు క్రొవ్వు పొర గలవానికి బాగుగా పనిచేయును. నోరో వైరసుపై మిక్కిలి బలహీనము. వాంతులు విరేచనములు ఉన్న యింటిలో శానిటైజరు సీసానే నమ్ముకొన్నవారు మోసపోవుదురు. సబ్బు ఎక్కడ ఉంచబడినదను చిన్న విషయము కూడ చూడవలెను. స్నానాలగదిలో సబ్బు, పెరటిలో మరుగుదొడ్డి, మధ్య ఇరువది అడుగుల దూరము ఉన్నచో కడుగుట జరుగదు.

ఎంగిలి యను ఆచారము ఇక్కడ తలపునకు వచ్చును. గ్లాసును పెదవులకు తగులనీయక ఎత్తిపోసుకొని త్రాగుట, ఒకరు కొరికినది మరియొకరు తినకుండుట ఉమ్మితో సోకు వైరసులకు కొంత అడ్డు. కాని అదే యింటిలో కడవలో గ్లాసు ముంచునప్పుడు వ్రేళ్ళు నీటిలో మునుగుచుండును. ఆచారము నోటిని కనిపెట్టినది, వ్రేళ్ళను విడిచినది. పొడవైన పిడిగల గరిటెయో, క్రింద కుళాయి గల పాత్రయో ఈ లోపమును తీర్చును. చిన్నపిల్లలను పీడించు రోటా వైరసు విషయమున మాత్రము చేతుల శుభ్రత ఒక్కటే చాలలేదు. మంచి నీటివసతి గల దేశములలోను ఆ వ్యాధి పిల్లలకు వచ్చుచునే యుండెను. 2016లో భారతదేశము నాలుగు రాష్ట్రములలో దీని టీకాను ప్రారంభించినప్పుడు వానిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆనాడు వాడిన టీకా హైదరాబాదున తయారైనదే.

గాలియు చేతులును కాని మూడవ దారి యొకటి యున్నది. దానిని నైటింగేల్ ఊహింపనైన లేదు. డెంగీ వైరసును మోయు దోమ మురుగును వెదకదు. తేటనీటి తొట్టి, కూలరు, పూలకుండీ పళ్ళెము దానికి ఇష్టము, కుట్టునది పగటివేళ. దాని గ్రుడ్లు తొట్టి గోడకు అంటుకొని ఎండినను నెలలకొలది బ్రతుకును. వారమునకు ఒకసారి తొట్టిని ఖాళీచేసి, గోడలు తోమి, మూతవేయవలెను. ఎంత శుభ్రమైన ఇల్లైనను, నీరు నిలువయున్నచో, డెంగీకి ఆశ్రయమే.

కనుక రెండు వరుసలును తప్పులే. వైరసు ఏ దారిన వచ్చుచున్నదో అడుగకముందే వరుస నిర్ణయించుట రెండింటిలోని లోపము. విద్యార్థికి పది సూత్రములు వల్లెవేయించుటకంటె, ఈ మూడు నాలుగు దారులను తెలిపి, ఇంటిలో తట్టు వచ్చినప్పుడు, కామెర్లు వచ్చినప్పుడు, డెంగీ వచ్చినప్పుడు ఏ తలుపు మూయవలెనో, ఏ కిటికీ తెరువవలెనో వానినే చెప్పుమనుట మేలు. పరీక్షలో మార్కులు వేయుట కొంత కష్టమగును. ఉపాధ్యాయులు దానిని భరింపవలెను.

పుస్తకమునకు మరియొక దోషము కలదు. అది విజ్ఞానమునకు సంబంధించినది కాదు. ఇంటిలో రోగము వచ్చిన దోషము ఇంటి యజమానురాలిదే యని నైటింగేల్ పలుమారులు సూచించును. ఆమె కన్నుల ముందున్న ఇల్లు పనివారు, మేడగదులు, గదికి రెండు కిటికీలు గల ఇల్లు. పట్టణములలో ఒకే గదిలో ఆరుగురు నివసించు కుటుంబమునకు, కిటికీ తెరచిన పొరుగు గోడ అడ్డువచ్చు ఇంటికి, ఈ నింద తగదు. అట్టి యింటిలోను చేయదగినవి కొన్ని యున్నవి. రోగిని తలుపుదగ్గరనో, వరండాలోనో పండుకొనబెట్టవచ్చును. రోగియు దగ్గరకు వెళ్ళువారును ముఖమునకు చక్కగా అతుకు మాస్కు ధరింపవచ్చును. అందరును కలసి భోజనము చేయుటను కొన్ని దినములు మానవచ్చును, ఏలయన భోజనమప్పుడు మాస్కు ఉండదు, మాటలు ఎక్కువ. మిగిలినది ఇల్లు కట్టువారు, పురపాలకులు చేయవలసిన పని. గృహిణిని మందలించి ప్రయోజనము లేదు.

అయినను ఆమె మూడవ అధ్యాయమును ఇంటివారు తప్పక చదువవలెను. ఇంటి పనుల చిన్నచిన్న ఏర్పాట్లను గురించినది అది. తాను ఉన్నప్పుడు చేయు పని తాను లేనప్పుడు కూడ జరుగునట్లు ఏర్పాటు చేయుటయే పరిచర్యలో కష్టమైన భాగమని అందులోని సారము. వైరసు వ్యాధులలో దీనికి క్రొత్త యర్థము వచ్చినది. రోగికి పరిచర్య చేయునామెయే తరువాతి రోగి యగుట మెండు. ఆమె పడకపట్టినప్పుడు నీరు ఎవరు కాచవలెను, పసిబిడ్డను ఎవరు చూడవలెను, మందు వేళలు ఎవరికి తెలియును? ఈ ప్రశ్నలకు జవాబు కాగితముమీద వ్రాసి గోడకు అంటించిన ఇల్లు అరుదు.

1861లో నైటింగేల్ ఈ పుస్తకమును కార్మికుల కొరకు సులభశైలిలో తిరుగ వ్రాసి చౌకవెలకు వెలువరించినది. అందులో పసిబిడ్డల సంరక్షణను గురించి ఒక క్రొత్త అధ్యాయము చేర్చినది. అది తల్లులకు వ్రాసినది కాదు. తల్లి పనికి పోయినప్పుడు తమ్ముని, చెల్లెలిని ఎత్తుకొని తిరుగు చిన్న బాలికలకు వ్రాసినది. ఆనాటి లండనులో ఆ పని వారిదే. మన ఊళ్ళలోను చాల యిండ్లలో నేటికిని వారిదే. బిడ్డకు మొట్టమొదట కావలసినది మంచి గాలియని ఆమె ఆ బాలికలకు సూటిగా చెప్పినది. ఆ అధ్యాయమును తెలుగులోనికి తెచ్చి, చేతుల సంగతియు నీటి సంగతియు టీకాల కాగితము సంగతియు అందులో చేర్చి, ఏడవ తరగతి పిల్లల చేతికి ఈయదగును. అనువదించువారు మశూచిని గురించిన ఆమె వ్రాతలను మాత్రము అందులోనికి రానీయకుందురు గాక.